రబ్బరు జ్ఞాపకం: చేయడం, కొలవడం

(హోసూరు ప్రాంతపు ఉపాధ్యాయులు, పెద్ద తరగతుల విద్యార్థులు, తల్లిదండ్రులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్ళకు పైగా రబ్బరు పరీక్షశాలలలో పనిచేసినవాణ్ణి. రబ్బరును సాగదీయడం, తెంపడం, నలపడం, వేడిపెట్టడం, ఆ తరువాత ఎంత మిగిలిందో కొలిచి రాయడం నా వృత్తి. ఈనాడు నన్ను మాట్లాడమన్న విషయానికి శాస్త్రగ్రంథాలలో రూపస్మృతి పదార్థాలు అని పేరు పెట్టవచ్చును. పేరు బరువుగా ఉన్నది కాని సంగతి తేలికైనదే. పిల్లలు బడిలోనే చేసి చూడగలిగినంత తేలికైనది.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించవలసి ఉన్నది. రబ్బరు పట్టీని లాగి వదిలితే వెంటనే పాత పొడవుకు వస్తుంది. దానిని జ్ఞాపకం అనము, సాగుగుణం అంటాము. జ్ఞాపకం అన్నప్పుడు మధ్యలో ఒక నిరీక్షణ ఉండాలి. వస్తువును వేడిచేసి, లాగి, ఆ లాగిన స్థితిలోనే చల్లార్చి, చేయి వదలాలి. అప్పుడది కదలకుండా కొత్త రూపంలోనే ఉండాలి. రోజులు గడచినా అట్లాగే ఉండాలి. మళ్ళీ వేడి తగిలినప్పుడు మాత్రమే తన మొదటి రూపానికి తానుగా మరలాలి. మరచినట్టు ఊరుకుని, అడిగినప్పుడు చెప్పే పిల్లవాడిని తలచుకోండి.

ఇటువంటి గుణం లోహాలలో ముందుగా కనబడింది. బంగారు, కాడ్మియం మిశ్రమంలో దీని జాడను స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఓలాండర్ 1932లో గమనించాడు. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికా నావికాదళ పరిశోధనశాలలో నికెల్, టైటానియం కలిపిన లోహంలో ఇది బాగా బయటపడింది. నిటినాల్ అని దానికి పేరు. పళ్ళు సరిచేసే తీగెలలోను, రక్తనాళంలో నిలిపే గొట్టాలలోను ఆ లోహాన్ని వాడుతున్నారు. ప్లాస్టిక్ జాతిలో అయితే మీరందరూ చూసిన వస్తువే ఉన్నది. కరెంటు పనివారు వైరు అతుకు మీద ఒక గొట్టం తొడిగి వేడిగాలి చూపిస్తారు. అది ముడుచుకుని అతుకును బిగించి పట్టుకుంటుంది. ఆ గొట్టం మొదట సన్ననిదే. కర్మాగారంలో దానిని వేడిచేసి, వెడల్పు చేసి, చల్లార్చి మనకు అమ్ముతారు. మన ఇంట్లో అది తన సన్నదనాన్ని గుర్తు తెచ్చుకుంటుంది.

ఇక రబ్బరు సంగతికి వద్దాము. పాలు కారే చెట్లు మనకు కొత్త కావు. మర్రి, జిల్లేడు, పనస పాలు మన చేతులకు అంటినవే. రబ్బరు చెట్టు మాత్రం బ్రెజిల్ అడవులది. విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు 1876లో దాని విత్తనాలను లండన్ లోని క్యూ తోటకు చేర్చాడు. ఆ మొక్కల సంతతి ఆసియా ఖండానికి వ్యాపించింది. మన దేశంలో వాణిజ్యపు తోట 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేకాడు వద్ద మొదలయింది. ఆంధ్రలో కూడా మారేడుమిల్లి మన్యంలో రబ్బరు తోటలు ఉన్నవి. చెట్టు నుండి కారిన పాలలో సుమారు మూడో వంతు రబ్బరు, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. ఆమ్లం కలిపి విరగగొడితే పెరుగు గడ్డవలె రబ్బరు విడివడుతుంది.

ఆ పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ దోషం పోతుందని కనిపెట్టాడు. లోపల జరిగినది ఏమిటి? రబ్బరు అంటే పొడవాటి దారాల వంటి అణువుల చిక్కు. గంధకం అక్కడక్కడ ఒక దారాన్ని ఇంకొక దారానికి ముడివేసింది. అంతవరకు దారాల కుప్పగా ఉన్నది వల అయింది. యానాం గోదావరిలో వేసే వలను తలచుకుంటే చాలు. ఏ వైపు లాగినా వల తెగిపోదు, దారి తప్పదు. ఏ కన్ను పక్కన ఏ కన్ను ఉండాలో ముడులు చెబుతూ ఉంటవి. పిల్లలకు వివరించేటప్పుడు నేను ముడులు అనే మాటనే వాడతాను. పుస్తకంలో దానికి ఉన్న పెద్ద పేరు తరువాత నేర్చుకోవచ్చును.

ముడులు ఉన్నంత మాత్రాన వెనక్కు లాగే బలం ఎక్కడిది? ఇంగ్లండులో జాన్ గౌ అనే చూపులేని పండితుడు సాగిన రబ్బరు పట్టీని వేడిచేస్తే అది ముడుచుకుంటుందని 1805లో ప్రకటించాడు. చేతి వేళ్ళతోను, పెదవులతోను తాకి కనిపెట్టాడు. ఇనుప తీగ వేడికి సాగుతుంది, బరువు కట్టి సాగదీసిన రబ్బరు ముడుచుకుంటుంది. జూల్ మహాశయుడు 1859లో దానిని కొలిచి నిర్ధారించాడు. అణుదారాలు వేడికి అటూ ఇటూ ఎగిరెగిరి పడుతూ ఉంటవి, అట్లా ఎగిరే దారం చాచి ఉండడానికి ఇష్టపడదు, చుట్టుకుపోతుంది. వేడి హెచ్చినకొద్దీ ఆ లాగుడు హెచ్చుతుంది. రబ్బరు చేసే పనికి బలం వేడి నుండే వస్తున్నది.

కాబట్టి జ్ఞాపకంలో సగం రబ్బరులో పుట్టుకతోనే ఉన్నది. లేనిది గడియ. తలుపు స్ప్రింగు ఎప్పుడూ మూసివేయాలనే చూస్తుంది. తెరిచి ఉంచాలంటే గడియ పెట్టాలి. చల్లగా ఉన్నప్పుడు బిగిసి, వేడికి విడిపోయే గడియ రబ్బరు లోపల దొరకాలి. దీనికి రెండు దారులు చెబుతాను.

మొదటిది రబ్బరు తన గడియ తానే వేసుకోవడం. స్వాభావిక రబ్బరును బాగా సాగదీస్తే దారాలు వరుసలుగా సర్దుకుని స్ఫటికాలు ఏర్పడతవి. దీనిని 1925లో కాట్జ్ ఎక్స్-కిరణాలతో చూపించాడు. మామూలు పట్టీలో ముడులు ఎక్కువ, వెనక్కు లాగే బలమూ ఎక్కువ, వదిలిన వెంటనే ఆ స్ఫటికాలు కరిగిపోతవి. 2011లో జర్మనీలోని డార్ట్‌మండ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ముడులు చాలా తక్కువగా వేసిన రబ్బరును తీసుకుని, విపరీతంగా సాగదీస్తే అది సాగినట్టే నిలిచిపోతుందని చూపించారు. వారు నిలిపిన సాగు వెయ్యి శాతం దాకా ఉన్నది. అంటే ఒక అంగుళం పదకొండు అంగుళాలు. గది వేడిలో అట్లాగే పడి ఉండి, ఒంటి వెచ్చదనం వంటి కొద్దిపాటి వేడికే ముడుచుకుంటుంది. ముడుల సంఖ్యను సవరించి ఆ వేడిని ఎంచుకోవచ్చును. అద్భుతమైన పనే. కాని జర్మనీ గది వేరు, మన గది వేరు. బళ్ళారి మే నెల ఎండలోనో, చంద్రాపురం వడగాలిలోనో ఆ సరుకును సంచీలో వేసుకుని బస్సెక్కితే, దిగేలోపే దానికి అన్నీ గుర్తుకు వచ్చేస్తవి. పదార్థం ఎక్కడ తయారయిందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలవ ఉంటుందన్నది అంతే ముఖ్యం. దీనిని పరిశోధన పత్రాలు తరచు పట్టించుకోవు.

రెండవ దారి మన బడులకు తగినది. 2014లో అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో బ్రోస్టోవిట్జ్, వైస్, కావికీ అనే ముగ్గురు ముడులు వేసిన స్వాభావిక రబ్బరును కరిగిన స్టియరిక్ ఆమ్లంలో నానబెట్టారు. కొవ్వొత్తులలోను, సబ్బులలోను, ముఖానికి రాసే క్రీములలోను వాడే మైనం వంటి తెల్లని పదార్థం అది. శుద్ధమైనది సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. బజారులో దొరికేది కొవ్వు ఆమ్లాల కలగలుపు గనుక ఇంకా తక్కువకే కరుగుతుంది. వేడిలో రబ్బరు దానిని పీల్చుకుని ఉబ్బుతుంది. చల్లారినప్పుడు లోపలి ఆమ్లం పలకల వంటి స్ఫటికాలుగా గడ్డకట్టి, ఒకదానికొకటి తగులుకుని, రబ్బరు వలను ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది. ఇదే గడియ. వేడి తగలగానే పలకలు కరుగుతవి, వల తన చోటికి పోతుంది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే స్టియరిక్ ఆమ్లం లేని రబ్బరు కర్మాగారం ఉండదు. జింక్ ఆక్సైడుతో కలిసి అది గంధకపు ముడులు పడడానికి తోడ్పడుతుంది. నూటికి ఒకటి రెండు పాళ్ళు వేస్తాము. చేయి జారి ఎక్కువయితే సరుకు మీదికి తెల్లని పొడిగా తేలివస్తుంది. ఆ తెలుపు కనబడితే సరుకును తిప్పి పంపేవాళ్ళం. మేము దోషమని పారేసినదానినే వారు ఇంకా పెంచి గడియగా వాడుకున్నారు.

ఇప్పుడు తయారీ. మంచి రబ్బరు పట్టీలు తీసుకోండి. చవక పట్టీలలో సుద్ద కలిపి బరువు పెంచుతారు, వాటిని నీటిలో వేస్తే మునుగుతవి. తేలినది స్వాభావిక రబ్బరేనని రుజువు కాదుగాని, మునిగినదానిలో కలుపు ఉన్నదని మాత్రం తెలుస్తుంది. పట్టీని కత్తిరించి పొడవు ముక్క చేసి తూచి రాసుకోండి. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో చిన్న స్టీలు గిన్నె, దానిలో ఆమ్లం. నీటి వేడి 75, 80 డిగ్రీల మధ్య ఉండాలి. ఆమ్లం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. పెద్దవారు దగ్గర లేకుండా ఎవరూ చేయకూడదు, కరిగిన మైనం చర్మానికి అంటుకుంటే నీటివలె జారిపోదు, కాలుస్తుంది. ఆ గిన్నెలు మళ్ళీ వంటకు పనికిరావు. రబ్బరు పాలలోని మాంసకృత్తులు కొందరి ఒంటికి పడవు, దద్దుర్లు వచ్చే పిల్లలను పట్టీలు ముట్టనీయవద్దు.

ఎంతసేపు నానాలని అడుగుతారు. గడియారం చూడకండి, త్రాసు చూడండి. అరగంటకొకసారి పటకారుతో తీసి, గుడ్డతో తుడిచి, తూచి, మళ్ళీ వేయండి. వరుసగా రెండుసార్లు బరువు పెరగకపోతే రబ్బరు కడుపు నిండినట్టు. పలుచని పట్టీకి త్వరగా, మందపు పట్టీకి ఆలస్యంగా ఆ స్థితి వస్తుంది. బయటకు తీసి చల్లారనిస్తే ముక్క తెల్లబడి, బిరుసెక్కి, మునుపటికంటె పొడవుగా ఉంటుంది. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. కొలత గీతలు నానబెట్టకముందు గీస్తే ఆ ఉబ్బు కూడా లెక్కలోకి వచ్చి అంతా తారుమారవుతుంది. నానిన ముక్క చల్లారిన తరువాతనే, నడిమి భాగంలో, సన్నని చెరగని సిరాతో 50 మిల్లీమీటర్ల ఎడంగా రెండు గీతలు గీయాలి. చివరలలో గీయకూడదు, అక్కడ వేళ్ళు నొక్కుతవి.

ఆ ముక్కను 75 డిగ్రీల నీటిలో మెత్తబడనిచ్చి, గీతల ఎడం 100 మిల్లీమీటర్లు అయ్యేదాకా లాగి, అట్లాగే పట్టుకుని చల్లని నీటిలో ముంచండి. రెండు నిమిషాలు ఆగి వదలండి. గీతల ఎడం 97 అయిందనుకుందాము. మళ్ళీ వేడినీటిలో వేస్తే 51కి వచ్చిందనుకుందాము. మనం సాగదీసినది 50, అందులో నిలిచినది 47. కాబట్టి నిలుపు 94 శాతం. సాగదీసిన 50లో వెనక్కు వచ్చినది 49. కాబట్టి మరలింపు 98 శాతం. ఈ రెండు సంఖ్యలూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. నిలుపు గడియ సంగతి చెబుతుంది, మరలింపు ముడుల సంగతి చెబుతుంది. పెద్ద పరీక్షశాలలో లక్షల రూపాయల యంత్రం కొలిచేది కూడా ఈ రెండింటినే.

ఒకసారి కొలిచి సంతోషించకూడదు. రెండో వరుసలో 51 నుండి మొదలుపెట్టి లెక్క వేయాలి. తొలి వరుసలో కొద్దిగా పోయి, తరువాతి వరుసలలో స్థిరపడడం రబ్బరుకు సహజం. కొత్త చెప్పు కాలికి సర్దుకున్నట్టే. పక్కన ఆమ్లంలో నానని మామూలు పట్టీకి కూడా ఇవే పనులు చేసి చూడాలి. దాని నిలుపు దాదాపు సున్న వస్తుంది. ఆ సున్న లేకపోతే మీ 94కు అర్థం లేదు.

ఏ వేడికి గడియ ఊడుతుందో కూడా చూడవచ్చును. సాగి నిలిచిన ముక్కను 40 డిగ్రీల నీటిలో వేసి, అయిదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతి మెట్టులోను కొన్ని నిమిషాలు ఆగి, పొడవు రాసుకోండి. కొంతసేపు ఏమీ జరగదు. ఒక చోట ఉన్నట్టుండి గీత కిందికి పడిపోతుంది. మీ బజారు ఆమ్లం ఎంత శుద్ధమైనదో ఆ గీత చెబుతుంది. చంద్రాపురం ఎండ ఇంకా ఆ చోటికి చేరలేదు గనుక, ఈ సరుకును మన ఊళ్ళలో నిలవ ఉంచుకోవచ్చును.

నా ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసినది దీనికి ఎదురు పరీక్ష. రబ్బరు బిళ్ళను నాలుగో వంతు నొక్కి, 70 డిగ్రీలలో 22 గంటలు ఉంచి, వదిలి అరగంట ఆగి, ఎంత తిరిగి లేచిందో కొలిచేవాణ్ణి. లేవనిదంతా మరపు. కుక్కరు మూతలోని రబ్బరు చుట్టు కొన్నాళ్ళకు అణిగిపోయి ఆవిరి కారుస్తుంది కదా, అది ఆ మరపే. వేడికి పాత ముడులు తెగి, అణిగిన స్థితిలోనే కొత్త ముడులు పడతవి. అప్పుడు దాని జ్ఞాపకమే మారిపోతుంది. ఎంత వేడిచేసినా పాత రూపం రాదు.

ఈ తేడా ఎంత విలువైనదో ఒక పాఠశాల ప్రదర్శనలో చూశాను. పాఠశాల పేరు అక్కరలేదు. నేను న్యాయనిర్ణేతలలో ఒకణ్ణి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇదే ప్రయోగం చేసి, నోటు పుస్తకంలో వరుసల పట్టిక రాసుకుని వచ్చింది. మొదటి వరుసలో ఉన్న నిలుపు నాలుగో వరుసకు బాగా తగ్గింది. మరలింపు మాత్రం తగ్గలేదు. నా తోటి నిర్ణేత పట్టిక చూసి, "ప్రయోగం చెడిపోయిందమ్మా, మొదటి వరుస ఒక్కటే రాసి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, "రబ్బరు మరచిపోలేదు సార్. మైనం నీళ్ళలోకి వెళ్ళిపోయింది, అంతే" అన్నది. ప్రతి వరుస తరువాత ముక్కను ఆరబెట్టి తూచింది. బరువు తగ్గుతూ వచ్చింది. వేడినీటి మీద తేలిన తెల్లని పొరను కూడా చిన్న సీసాలో దాచి తెచ్చింది.

ఆ రెండు సంఖ్యలు రెండు వేరు సంగతులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పట్టికే చెప్పింది. బహుమతి కొని తెచ్చిన అగ్నిపర్వతం బొమ్మకు వెళ్ళింది. నేను అభ్యంతరం చెప్పాను, నెగ్గలేదు. ఇప్పటికీ నాకది మింగుడుపడని సంగతే. మొదటి వరుస ఒక్కటే రాసి వెళ్ళే అలవాటు బడిలో పడితే, రేపు అదే చేయి కుక్కరు చుట్టుకు, బ్రేకు గొట్టానికి, ఆసుపత్రి గొట్టానికి ధ్రువపత్రం రాస్తుంది. తగ్గిన సంఖ్యను దాచిన నివేదికలను నేను ఉద్యోగంలో చూశాను. వాటి వెనుక తిరిగివచ్చిన సరుకును కూడా చూశాను.

ఆ అమ్మాయి తరువాత తన పద్ధతి మార్చింది. ముక్కను నేరుగా వేడినీటిలో ముంచకుండా, ఆ నీటిలో నిలబెట్టిన పొడి స్టీలు గ్లాసులో వేలాడదీసి వేడిచేసింది. మైనం పోవడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. లాగినప్పుడు కొంత పైకి చెమర్చుతూనే ఉన్నది. దానిని ఆపడం ఎట్లాగన్నది ఇంకా పని మిగిలి ఉన్న ప్రశ్న. సాగి నిలిచిన ముక్కను నెలల తరబడి ఎండలో, గాలిలో ఉంచితే రబ్బరు పగుళ్ళిస్తుంది, అదీ చూడవలసి ఉన్నది. అందువలన దీనితో వైద్య సామగ్రి చేసేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే తొందరపడవద్దంటాను. సాగి నిలిచిన ముక్కను వారం తరువాత, నెల తరువాత మళ్ళీ కొలిచిన పట్టిక నాకు చూపమంటాను.

సైన్సు ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ముక్కను ఒక పిల్లకు, త్రాసును ఇంకొక పిల్లవాడికి, పట్టికను మూడో చేతికి ఇవ్వండి. లాగినవాడే కొలిస్తే కన్ను తనకు నచ్చిన గీత మీదికి పోతుంది.

నేను ఇంటివద్ద నానబెట్టి తెచ్చిన ముక్కలు ఈ డబ్బాలో పన్నెండు ఉన్నవి. ఆరింటికి గడియ పెట్టి తెచ్చాను, ఆరు మామూలువి. ఏవి ఏవో మీరే కనిపెట్టాలి. వెనుక బల్ల మీద వేడినీళ్ళు, ఉష్ణమాపకం, కొలబద్దలు సిద్ధంగా ఉన్నవి. ముందు వరుసలోని పిల్లలు నలుగురు నలుగురుగా రండి. పెద్దవారు ఇద్దరు గిన్నెల దగ్గర నిలబడండి.